మర్చిపోయారా, దాస్తున్నారా? జ్ఞాపకం చెదిరిన కథకుడితో థ్రిల్లర్ నడపడం

మహాభారతం ఆదిపర్వంలో దుష్యంతుడికి శకుంతల బాగానే గుర్తుంది. కొడుకుని వెంటబెట్టుకుని ఆమె సభకి వస్తే, తెలిసి కూడా నువ్వెవరో నాకు తెలియదంటాడు. అశరీరవాణి పలికాక, లోకం అనుమానించకూడదనే అలా అన్నానని ఒప్పుకుంటాడు. కాళిదాసు అదే కథ తీసుకుని అందులోకి దుర్వాసుడి శాపాన్నీ ఉంగరాన్నీ తెచ్చాడు. దాంతో దుష్యంతుడు నిజంగానే మర్చిపోయినవాడయ్యాడు. రెండు చోట్లా సభలో జరిగేది ఒకటే, భర్త భార్యని కాదంటాడు. ఒకచోట అది అబద్ధం. ఇంకోచోట అతనికి తెలిసినంతలో అదే నిజం. మొదటి కథ తేలడానికి సాక్షి కావాలి, రెండోది తేలడానికి ఒక వస్తువు దొరకాలి.

జ్ఞాపకం పోయిన మనిషి చెప్పే సైకలాజికల్ థ్రిల్లర్‌కి ఈ తేడాయే పునాది. కథ చెప్పే మనిషికి విషయం తెలియదా, తెలిసి దాస్తున్నాడా? రాసేవాళ్లు మొదటి పేజీకి ముందే దీన్ని తేల్చుకోవాలి. ఈ తరహా నవలలూ స్క్రిప్టులూ ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సగం దాకా మరుపుగా నడిచిన విషయం క్లైమాక్స్‌కి వచ్చేసరికి అవసరం కొద్దీ దాచడంగా మారిపోతుంది, పాఠకుడికి మోసపోయానన్న కోపం మిగులుతుంది. మరుపుల్లో రకాలున్నాయి. ఒక్కో రకంలో ఏది పోతుంది, ఏది మిగులుతుంది, ఏది తిరిగొస్తుంది అన్నదానికి పద్ధతి ఉంది. ఆ రకాన్ని ఎంచుకోగానే కథలో ఏ ట్విస్ట్ చెల్లుతుందో, ఏది చెల్లదో చాలావరకు తేలిపోతుంది.

నమ్మలేనిది దేన్ని?

నమ్మదగని కథకుడు అన్న పేరుని విమర్శలో స్థిరపరిచింది అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్, 1961లో. తర్వాత జేమ్స్ ఫెలాన్ దాన్ని రాసేవాళ్లకి ఇంకా పనికొచ్చేలా విడదీశాడు. కథకుడు చేసే పనులు మూడు: జరిగింది చెబుతాడు, దానికి అర్థం చెబుతాడు, అది మంచో చెడో తీర్పు చెబుతాడు. ఈ మూడింట్లో ప్రతిదాంట్లోనూ అతను తప్పు చెప్పవచ్చు, లేదా తక్కువ చెప్పవచ్చు. అలా మొత్తం ఆరు రకాలు.

ఈ విభజన ఎందుకు ముఖ్యమంటే, ఒకే కథలో మూడూ కూలిపోతే పాఠకుడికి కాలు మోపే చోటు ఉండదు. జ్ఞాపకం పోయిన కథకురాలు సంఘటనలు తక్కువ చెబుతుంది, అది తప్పదు. కాబట్టి ఆమె తీర్పు మాత్రం నిలకడగా ఉండాలి. ఎవరంటే భయం, ఎవరంటే నమ్మకం, ఏది తప్పు అనుకుంటుంది అన్నవి పాఠకుడు పట్టుకోగలిగేలా ఉండాలి. లేదంటే దీన్ని తిరగేయవచ్చు. సంఘటనలన్నీ సరిగ్గా చెప్పే మనిషి, అర్థం మాత్రం తప్పుగా తీసుకుంటుంది. భర్త గంటకోసారి ఫోన్ చేస్తాడు, మందులు తన చేత్తోనే ఇస్తాడు, స్నేహితులెవరూ రాకుండా చూసుకుంటాడు. ఇదంతా ప్రేమ అంటుంది ఆమె. ఒక్క సంఘటన కూడా దాచలేదు, అయినా మూడో అధ్యాయానికి పాఠకుడికి ఊపిరాడదు. రచయితకి మూడు మీటలూ అందుబాటులో ఉన్నాయి. ఒకటి గట్టిగా నొక్కి మిగతా రెండూ వదిలేసిన కథలే ఎక్కువ బలంగా వస్తాయని నా నమ్మకం.

తడిసిన చెప్పులు

ఒక చిన్న ముక్క దగ్గరగా చూద్దాం. పక్కింట్లో హత్య జరిగిన రాత్రి గురించి ఒకామె ఇలా చెబుతోంది:

‘వాన మొదలైంది. తొమ్మిదిన్నరకి కిటికీలు మూసి పడుకున్నాను. తెల్లారి లేచేసరికి మంచం పక్కన నా చెప్పులు తడిసి ఉన్నాయి. సాయంత్రం బయట వదిలేసి ఉంటాను.’

నాలుగు వాక్యాలు. ఇదే ముక్క మూడు వేర్వేరు మనుషుల నోట్లో ఎలా మారాలో చూస్తే ఈ విద్యలో సగం అర్థమవుతుంది.

మొదటి మనిషి దాస్తోంది. తొమ్మిదిన్నరకి పడుకున్నమాట నిజమే, పదకొండుకి లేచి బయటికి వెళ్లిందన్నది చెప్పలేదు. దాచే కథకురాలికి ఉన్న బలహీనత, ఎవరూ అడగని దానికి జవాబు చెప్పడం. చెప్పులు తడిశాయని ఇంకెవరో చూశారు కాబట్టే ఆ ప్రస్తావన తెచ్చింది, వెంటనే కారణం కూడా ఇచ్చేసింది. ఆ కారణం అతకదు. బయట వదిలేసిన చెప్పులు మంచం పక్కకి ఎలా వచ్చాయి? చురుకైన పాఠకుడు ఇక్కడ ఆగుతాడు, మిగతావాళ్లు దాటిపోతారు. రెండోసారి చదివినప్పుడు మాత్రం అందరూ ఆగాలి.

రెండో మనిషికి నిజంగా తెలియదు. జోల్పిడెమ్ లాంటి నిద్రమాత్ర వేసుకుంది అనుకుందాం. ఈ మందులు వేసుకున్నవాళ్లలో కొందరు పూర్తిగా మేలుకోకుండానే లేచి నడవడం, వంట చేయడం, బండి నడపడం, పొద్దున్నకి ఏదీ గుర్తు లేకపోవడం వాస్తవంగా జరిగింది. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని గురించే ఈ మందులకి తన అత్యంత తీవ్రస్థాయి హెచ్చరిక చేర్పించింది. ఇలాంటి మనిషి చెప్పుల దగ్గర అంత త్వరగా దాటిపోదు. ముట్టుకుని చూస్తుంది. కాళ్లకి మట్టి ఉందేమో చూసుకుంటుంది. చివరి వాక్యంలోని ‘ఉంటాను’ ఆమె నోట్లో నిజమైన ఊహ, తనని తాను ఒప్పించుకోవడానికి చేసే ప్రయత్నం. ఆమె భయం పేజీ మీద కనబడాలి.

మూడో మనిషి ఖాళీని తెలియకుండానే కల్పనతో నింపుకుంటుంది. ఆమె చివరి వాక్యం పూర్తిగా మారిపోతుంది: ‘రాత్రి మొక్కలకి నీళ్లు పోశాను కదా, అప్పుడు తడిశాయి.’ వాన పడుతుండగా మొక్కలకి నీళ్లేమిటన్న సందేహం ఆమెకి రాదు. తడబాటు ఉండదు, భయం ఉండదు. నీళ్లు పోసింది నిజమే, కాకపోతే పోయిన వారం.

దాచే మనిషి ఎక్కువ వివరిస్తుంది, మర్చిపోయిన మనిషి వెతుక్కుంటుంది, కల్పించుకునే మనిషి ధీమాగా ఉంటుంది. ఈ మూడు స్వరాలూ ఒకే పాత్రలో కలిసిపోయిన ప్రతిని చదువుతున్నప్పుడు ఏదో అతకలేదని అనిపిస్తుంది కానీ ఎందుకో పాఠకుడు చెప్పలేడు.

ఏ మరుపు?

సినిమా మరుపు ఒకటే రకం. తలకి దెబ్బ తగులుతుంది, పేరుతో సహా అంతా పోతుంది, ఇంకో దెబ్బ తగిలితే తిరిగొస్తుంది. రెండో దెబ్బతో జ్ఞాపకం రావడం వైద్యంలో లేదు, మెదడుకి ఇంకా నష్టం జరుగుతుందంతే. మొదటి దెబ్బతో పేరు మర్చిపోవడం కూడా దాదాపు ఉండదు. మెదడు గాయాల్లో చివరిదాకా మిగిలే వాటిలో పేరు, బాల్యం ఉంటాయి.

కొత్త జ్ఞాపకాలు ఏర్పడకపోవడం ఒక రకం. దీని గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం హెన్రీ మొలైసన్ అనే ఒక్క మనిషి వల్ల తెలిసింది. బతికున్నంతకాలం శాస్త్రగ్రంథాల్లో ఆయన పేరు ‘హెచ్.ఎం.’ అనే ఉండేది. తీవ్రమైన మూర్ఛవ్యాధికి చికిత్సగా 1953లో, ఆయనకి 27 ఏళ్లప్పుడు, మెదడుకి రెండు వైపులా, కొత్త జ్ఞాపకాలను నమోదు చేసే హిప్పోక్యాంపస్‌లో చాలా భాగాన్నీ దాని చుట్టుపక్కల కణజాలాన్నీ తీసేశారు. మూర్ఛ తగ్గింది. కానీ అప్పటినుంచి 2008లో చనిపోయేదాకా కొత్తగా జరిగిన సంఘటనలు ఆయనలో దాదాపు నిలవలేదు. తెలివితేటలు తగ్గలేదు, మాట తడబడలేదు, చిన్నతనం గుర్తుంది. ఒక అంకెని మనసులో పదేపదే అనుకుంటూ ఉన్నంతసేపు పట్టుకోగలిగేవాడు, దృష్టి మళ్లితే అంకెతోపాటు ఎవరో అంకె అడిగారన్న సంగతి కూడా పోయేది.

రచయితకి ఇక్కడ దొరికే అసలు నిధి వేరే ఉంది. పరిశోధకురాలు బ్రెండా మిల్నర్ ఆయనతో అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య గీయించింది. రోజురోజుకీ చెయ్యి మెరుగుపడింది. ఆ పని ఇంతకుముందు చేసినట్టు మాత్రం ఆయనకి గుర్తు లేదు. అంటే సంఘటనల జ్ఞాపకం వేరు, చేతికి అలవడే నేర్పు వేరు, రెండూ మెదడులో వేరువేరు చోట్ల నడుస్తాయి. గతం తెలియని పాత్ర ఒక ఇంటి తాళం చీకట్లో తడబడకుండా తీసిందంటే అది క్లూ. ఒక మనిషి దగ్గరికి రాగానే ఎందుకో తెలియకుండా ఒళ్లు బిగుసుకుపోయిందంటే అదీ క్లూయే. ఇలాంటి వాటిని కథకురాలు దాచలేదు, ఎందుకంటే వాటి అర్థం ఆమెకే తెలియదు. మరుపు కథల్లో ఇంతకంటే నిజాయితీ గల ఆధారం నాకు కనబడలేదు.

క్రిస్టఫర్ నోలన్ 2000లో తీసిన ‘మెమెంటో’ ఈ రకం మరుపు మీదే నడుస్తుంది. రంగుల దృశ్యాలు వెనక్కి, నలుపు తెలుపు దృశ్యాలు ముందుకి నడిచి చివర్లో కలుస్తాయి. ఆ క్రమం ఆడంబరానికి పెట్టింది కాదు. ప్రతి రంగుల దృశ్యం మొదట్లో ప్రేక్షకుడికీ ముందేం జరిగిందో తెలియదు, హీరో ఉన్న స్థితిలోనే అతనూ ఉంటాడు. మరుపు రకాన్ని బట్టి కథ నిర్మాణం పుట్టడం అంటే ఇదే.

పాత జ్ఞాపకాలు పోవడం రెండో రకం. ఫ్రెంచ్ శాస్త్రవేత్త రిబో 1881లోనే దీని క్రమాన్ని గుర్తించాడు: కొత్తవి ముందు పోతాయి, పాతవి నిలుస్తాయి. తలకి గాయమైనవాళ్లలో మొదట కొన్ని నెలలో ఏళ్లో పోయినట్టు అనిపించినా, రోజులు గడిచేకొద్దీ పాతవైపు నుంచి ఖాళీ కుంచించుకుంటూ వస్తుంది. చివరికి గాయానికి ముందున్న కొద్దిసేపు మాత్రం చాలామందికి ఎప్పటికీ రాదు. ఆ క్షణాలు మెదడులో స్థిరపడేలోపే దెబ్బ పడింది. థ్రిల్లర్ రాసేవాళ్లకి ఇది ఇబ్బందికరమైన నిజం. తల మీద కొట్టినవాడి ముఖం క్లైమాక్స్‌లో మెరుపులా గుర్తురావడం మనందరికీ అలవాటైన సన్నివేశం. నిజానికి తిరిగిరావడానికి అన్నిటికంటే తక్కువ అవకాశం ఉన్నది ఆ ముఖానికే. వారం ముందు ఆ మనిషితో జరిగిన గొడవ రావచ్చు. కాబట్టి పరిష్కారాన్ని ఆ గొడవలో పెట్టండి, దెబ్బ తగిలిన క్షణంలో పెట్టకండి.

మద్యం వల్ల వచ్చే బ్లాకవుట్ ఈ మధ్య థ్రిల్లర్లలో బాగా వాడుకలోకి వచ్చింది, చాలా తప్పుగా కూడా వాడుతున్నారు. స్పృహ తప్పడం వేరు, బ్లాకవుట్ వేరు. బ్లాకవుట్‌లో ఉన్న మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, గొడవపడతాడు, ఇంటికి కూడా చేరతాడు. హిప్పోక్యాంపస్ మాత్రం నమోదు చేయడం ఆపేసింది. రక్తంలో ఆల్కహాల్ సుమారు 0.16 శాతానికి చేరినప్పటినుంచి ఈ ప్రమాదం మొదలవుతుంది. ఖాళీ కడుపుతో గబగబా తాగి ఆ మోతాదు ఒక్కసారిగా పెరిగితే మరీ ఎక్కువ. ఇందులో రెండు స్థాయిలున్నాయి. ముక్కలు ముక్కలుగా పోయినప్పుడు ఎవరైనా గుర్తుచేస్తే, ఆ చోటికి తీసుకెళ్తే మధ్యలో కొన్ని దృశ్యాలు వస్తాయి. మొత్తంగా పోయినప్పుడు ఎన్ని ఆనవాళ్లు చూపించినా ఏమీ రాదు, లోపల లేనిది బయటికి రాదు. నవలలో పూర్తి బ్లాకవుట్ అని మొదలుపెట్టి, మూడువందల పేజీల తర్వాత ఆ రాత్రంతా సంభాషణలతో సహా తిరిగొచ్చిందంటే అది మోసం. ముక్కలు మిగిలిన బ్లాకవుట్ ఎంచుకుంటే ఆ చిక్కు ఉండదు. మొదటి అధ్యాయంలోనే రెండు మూడు దృశ్యాలు, వరుస తెలియకుండా ఇచ్చేయవచ్చు. తర్వాత కథంతా వాటి వరుస కోసం వెతుకులాట అవుతుంది.

మత్తు, నిద్రమందుల సంగతీ ఇలాంటిదే. బెంజోడయజెపీన్ల వంటి మందులు పనిచేస్తున్నంతసేపు కొత్తది నమోదు కాదు, అంతకుముందు ఏడాది చెరిగిపోదు. ఇంజెక్షన్ ఇచ్చి పెళ్లి మర్చిపోయేలా చేశారన్న ప్లాటుకి ఆధారం లేదు.

తన పేరే మర్చిపోయి, ఊరు దాటిపోయి, ఇంకో మనిషిగా బతకడం కథల్లో ఎక్కువ, జీవితంలో చాలా అరుదు. అది డిసోసియేటివ్ అమ్నీషియాలో ఒక రూపం, తీవ్రమైన మానసిక ఒత్తిడితోనో విషాదంతోనో ముడిపడి వస్తుంది. ఇది మొలైసన్ పరిస్థితికి తలకిందులు. కొత్తవి మామూలుగా నేర్చుకోగలరు, తనెవరన్నదే పోతుంది. పాత్రకి పేరు పోవాలంటే ఈ దారే పట్టాలి, అప్పుడు దెబ్బ కాకుండా అంతకుముందు జరిగిన విషాదం కథకి కేంద్రం కావాలి. ఒక రోజుకి లోపే ముగిసిపోయే ట్రాన్సియెంట్ గ్లోబల్ అమ్నీషియా కూడా ఉంది. ఎక్కువగా యాభై దాటినవాళ్లలో వస్తుంది, తనెవరో తెలుస్తుంది, అడిగిందే అడుగుతూ ఉంటారు, ఆ గంటలు తర్వాత కూడా రావు. అనుమానితుడి పాత్రకి ఇది బాగా సరిపోతుంది, ఎవరూ పెద్దగా వాడుకోలేదు.

ఇక కోర్సకాఫ్ సిండ్రోమ్. విటమిన్ బి1, అంటే థయమిన్ లోపం వల్ల వస్తుంది, చాలాకాలం విపరీతంగా తాగినవాళ్లలో ఎక్కువ. కొత్తవి నిలవకపోవడంతోపాటు, చాలామందిలో ఖాళీలను కల్పనతో నింపే లక్షణం కనిపిస్తుంది. వాళ్లకి మోసగించే ఉద్దేశం లేదు, తాము చెప్పేది నిజమనే నమ్ముతారు. ఆ కల్పనల్లో చాలా భాగం ఎప్పుడో జరిగిన నిజ సంఘటనలే, కాలం మాత్రం తారుమారు అవుతుంది. డిటెక్టివ్ కథకి ఇంతకంటే మంచి సాక్షి దొరకడు. అతను చెప్పిన ప్రతి సంగతీ నిజం, ప్రతి తేదీ తప్పు.

తిరిగొచ్చినదాన్ని నమ్మాలా?

పోయిన జ్ఞాపకం తిరిగిరాగానే కథ అయిపోయినట్టు చాలామంది రాస్తారు. అసలు ఉత్కంఠ అక్కడే మొదలవ్వాలి. గుర్తుచేసుకోవడం అంటే మెదడు ప్రతిసారీ ఆ సంఘటనని కొత్తగా కూర్చుకోవడం, కూర్చేటప్పుడు తర్వాత విన్నవీ చూసినవీ అందులో కలుస్తాయి.

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో కొందరికి కారు ప్రమాదం ఫిల్మ్ చూపించారు. ఒక గుంపుని కార్లు తగిలినప్పుడు వేగం ఎంత అనీ, ఇంకో గుంపుని కార్లు బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు వేగం ఎంత అనీ అడిగారు. గుద్దుకున్నప్పుడు అన్న మాట విన్నవాళ్లు వేగం ఎక్కువ చెప్పారు. వారం తర్వాత పగిలిన గాజు చూశారా అని అడిగితే, రెండో గుంపులో 50 మందిలో 16 మంది చూశామన్నారు, మొదటి గుంపులో 50 మందిలో 7 గురే. ఫిల్మ్‌లో గాజు ముక్క లేదు. 1995లో లాఫ్టస్, పిక్రెల్ చేసిన ఇంకో అధ్యయనంలో చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావని, జరగని సంగతిని కుటుంబసభ్యులు చెప్పినట్టుగా 24 మందికి చెప్పారు. వాళ్లలో సుమారు నాలుగోవంతు అది పూర్తిగానో కొంతవరకో గుర్తుందన్నారు.

కథలోకి ఇది నేరుగా వస్తుంది. విచారణ సన్నివేశంలో ‘ఆ రాత్రి ఏం చూశారండీ?’ అని అడగడానికీ, ‘ఆ ఎర్ర కారు ఎటు వెళ్లిందండీ?’ అని అడగడానికీ తేడా మొత్తం ప్లాట్‌ని మార్చగలదు. రెండో ప్రశ్నలో కారు వచ్చేసింది, దాని రంగూ వచ్చేసింది. నలభై పేజీల తర్వాత కథకురాలికి కల్లో ఎర్ర కారు కనబడుతుంది, అది తన జ్ఞాపకమే అనుకుంటుంది. ఆ ప్రశ్న వేసింది ఎవరు, ఎందుకు వేశారు అన్నది పాఠకుడు వెనక్కి వెళ్లి వెతుక్కుంటే దొరకాలి. ఇక్కడ కథకురాలు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. దగ్గరివాళ్లు ఒక మనిషి జ్ఞాపకాన్ని ఇలా వంచుతూ పోతే ఆమెకి తన మీద తనకే నమ్మకం పోతుంది, బయటికి ఒక్క దెబ్బ కూడా కనబడదు. ఈ హింసని రాసేటప్పుడు రచయిత బాధితురాలి పక్షాన నిలబడాలి.

ధీమాకీ నిజానికీ సంబంధం తక్కువ. 1986లో చాలెంజర్ అంతరిక్షనౌక పేలిన మర్నాడు, ఆ వార్త ఎలా తెలిసిందో విద్యార్థులతో రాయించి, రెండున్నరేళ్ల తర్వాత ఉల్రిక్ నైసర్ బృందం మళ్లీ అడిగింది. చాలామంది వేరే కథ చెప్పారు, గట్టి నమ్మకంతో చెప్పారు. హిప్నాటిజం విషయమూ అంతే. గుర్తొచ్చేవాటి సంఖ్య పెరుగుతుంది, తప్పులూ పెరుగుతాయి, వాటి మీద నమ్మకం ఇంకా పెరుగుతుంది. హిప్నాటిస్ట్ దగ్గర నిజం బయటపడే సన్నివేశం రాస్తున్నారంటే, అది తప్పుడు నిజం అయ్యే కథలోనే దానికి విలువ.

ఎప్పుడు, ఎవరికి చెబుతున్నారు?

ఉత్తమ పురుషలో, భూతకాలంలో చెప్పే కథకురాలికి మొదటి పేజీలోనే ముగింపు తెలుసు. అంతా అయిపోయాక చెబుతోంది కదా. ఆమె ఏడో అధ్యాయంలో ‘ఆ రాత్రి ఏం జరిగిందో నాకు తెలియదు’ అంటే అది అబద్ధం, ఇప్పటికి తెలుసు. ‘అప్పటికి నాకు తెలియదు’ అంటే నిజం, కానీ సస్పెన్స్ కొంత పలచబడుతుంది. అందుకే మరుపు థ్రిల్లర్లు వర్తమాన కాలానికో, డైరీకో, పోలీసు వాంగ్మూలానికో వెళ్తాయి. డైరీకి ఇంకో లాభం ఉంది, అది ఒక వస్తువు. పేజీ చించవచ్చు, చేతిరాత మారవచ్చు, ఇంకొకరు చదవవచ్చు.

వర్తమానంలో చెప్పేటప్పుడు వచ్చే చిక్కు దీనికి ఎదురుగా ఉంటుంది. కథకురాలి మనసులో ఆ క్షణంలో తిరిగేదంతా పాఠకుడికి వినబడుతోందన్న ఒప్పందం కుదిరిపోతుంది. శవాన్ని దాచిన మనిషి ఆ గది పక్కనుంచి నడుస్తూ దాని గురించి ఒక్క ఆలోచన కూడా రాకుండా ఉండడం సాధ్యం కాదు. దాచే కథకుడికి వర్తమానం పనికిరాదు, మర్చిపోయిన కథకుడికి అదే సరైన చోటు.

దాచే కథకుడికి పాఠ్యపుస్తకం లాంటిది 1926 నాటి అగాథా క్రిస్టీ నవల ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్‌రాయిడ్’. ఆ నవల చదవాలనుకునేవాళ్లు ఈ పేరా వదిలేయండి. కథ చెప్పే డాక్టరే హంతకుడు. ఉత్తరాలు వచ్చింది తొమ్మిదికి ఇరవై నిమిషాల ముందు, తను గదిలోంచి వచ్చింది తొమ్మిదికి పది నిమిషాల ముందు అని రెండు పక్కపక్క వాక్యాల్లో చెబుతాడు. మధ్యలో పది నిమిషాలు లేవు. రెండు వాక్యాలూ అక్షరాలా నిజం. చివరి అధ్యాయంలో ఆ చోటుని అతనే చూపిస్తాడు. తను రాసుకుంటున్నది చేతిప్రతి కాబట్టి ఏం రాయాలో ఎంచుకునే వీలుందన్నది కూడా కథలోనే కుదిరింది.

సినిమాలో కెమెరా చూపించినదాన్ని ప్రేక్షకుడు సాక్ష్యంగా తీసుకుంటాడు. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1950లో ‘స్టేజ్ ఫ్రైట్’లో అబద్ధపు ఫ్లాష్‌బ్యాక్ పెట్టి, అలా చేసి ఉండాల్సింది కాదని తర్వాత తనే అన్నాడు. తెర మీద తప్పు జ్ఞాపకం చూపించాలంటే అది ఎవరి జ్ఞాపకమో ముందే తెలియాలి, చిన్న తేడా కూడా ఉండాలి. ఒకే సన్నివేశం రెండోసారి వచ్చినప్పుడు గడియారం వేరే టైం చూపించడం, పాత్ర వేసుకున్న చొక్కా మారడం లాంటివి చాలు.

రాయకముందు పట్టిక

పోయిన గంటలకి ఒక పట్టిక వేయాలి. వరుసలు పది పదిహేను నిమిషాలకి ఒకటి. నిలువు గళ్లు ఏడు: గడియారం టైం, నిజంగా జరిగింది, కథకురాలికి గుర్తున్నది, ఆమె చెప్పేది, ఇంకెవరికి తెలుసు, మిగిలిన వస్తువు, పాఠకుడికి తెలిసే అధ్యాయం. మూడో గడికీ నాలుగో గడికీ తేడా ఉన్న ప్రతి వరుసలో ఆమె అబద్ధమాడుతోందన్నమాట. మర్చిపోయిన కథకురాలి పట్టికలో అలాంటి వరుసలు ఉండకూడదు. ఉన్నాయంటే ఆమె కథ మరుపు కథ కాదు, ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది.

అన్నిటికంటే ఎక్కువ కథలు కూలిపోయేది ఐదో గడిలో. ఆమెకి గుర్తు లేదు సరే, మిగతావాళ్లకి ఏమైంది? అక్క ఎందుకు చెప్పలేదు? ఆస్పత్రిలో చేర్చినవాళ్లు ఏమన్నారు? ఫోన్‌లో కాల్స్ జాబితా ఎవరు చూశారు? తెలిసిన ప్రతి మనిషి మౌనానికీ ఒక్కో వేరు కారణం కావాలి: ఒకరికి సిగ్గు, ఒకరికి లాభం, ఒకరికి ఆమె ఆరోగ్యం మీద భయం. అందరూ కలిసి దాస్తున్నారంటే కథ నమ్మకం కోల్పోతుంది. అలాగే తలకి గాయమైన మనిషికి స్కాన్ తీస్తారు, మత్తుమందు అనుమానం ఉంటే రక్తం, మూత్రం పరీక్షలకి పంపుతారు. వాటి ఫలితం కథలో కనబడకపోతే వైద్యం తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. ఆలస్యంగా ఆస్పత్రికి తెచ్చారని ఒక్క వాక్యం పెడితే చాలు, చాలా మందులు ఒంట్లోంచి గంటల్లోనో రోజుల్లోనో వెళ్లిపోతాయి.

ఆరో గడి నుంచి క్లూలు పుడతాయి. పెద్ద రహస్యం ఒక్కోదానికి కనీసం మూడు ఆనవాళ్లు పెట్టాలి, మూడూ వేరు రకాలు కావాలి: ఒక వస్తువు, ఇంకో మనిషి ప్రవర్తన, కథకురాలి ఒంటి అలవాటు. వస్తువుని జాబితా మధ్యలో పెట్టండి. బ్యాగులో ఉన్నవి చెబుతూ తాళాలు, రసీదు, చార్జర్ అంటే కళ్లు రసీదు దగ్గర ఆగవు. ఆ వెంటనే మనసుని కుదిపే మాటొకటి వస్తే ఇంకా మంచిది. 300 పేజీల నవలలో కథకురాలి మీద మొదటి అనుమానం 50వ పేజీలోపు రావాలి, లేదంటే తర్వాత ట్విస్ట్ ఆకాశం నుంచి ఊడిపడినట్టుంటుంది. అసలు నిజం 240 దగ్గర బయటపడితే, దాని ఫలితం ఎవరెవరి మీద ఎలా పడిందో రాయడానికి చోటు మిగులుతుంది. ఆఖరి పేజీలో ట్విస్ట్ పడేసి వెళ్లిపోయే కథల్లో ఆ మనిషి ఏమైందో తెలియదు. నాకు అది పెద్ద లోటుగానే అనిపిస్తుంది.

హంతకుడు ఎవరంటే మానసిక రోగి, కారణం ఏమిటంటే ఆ రోగమే అనే ముగింపు విషయంలో గట్టిగా చెప్పాలి. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు, హింసకి గురయ్యే ప్రమాదం వాళ్లకే ఎక్కువ. రోగం పేరు పెట్టినంత మాత్రాన పాత్రకి ఉద్దేశం ఏర్పడదు. ఏమి కోరుకుంది, దేనికి భయపడింది అన్నది లేకుండా రోగం ఒక్కటే జవాబైతే రచయిత కథని మధ్యలో వదిలేసినట్టు. అంతా ఆమె ఊహే, అలాంటి మనిషే లేడు అన్న ముగింపుదీ ఇదే లోపం. పాఠకుడు పడిన ఆందోళన మొత్తం రద్దైపోతుంది.

చిత్తుప్రతి పూర్తయ్యాక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. కథకురాలి ప్రతి వాక్యాన్నీ నాలుగు రంగుల్లో ఒకదానితో గుర్తించాలి: నిజం, పొరపాటు, అబద్ధం, మౌనం (నిజమే చెబుతూ మధ్యలో ఏదో వదిలేయడం). ఒకటి రెండు అధ్యాయాలతో మొదలుపెట్టినా లెక్క తెలిసిపోతుంది. మర్చిపోయిన కథకురాలి పేజీల్లో అబద్ధం రంగు కనబడితే దాన్ని సరిచేయడానికి సాధారణంగా రెండు దారులు. ఆ వాక్యాన్ని కథనంలోంచి తీసి సంభాషణలో పెట్టండి, అక్కడ ఆమె ఇంకో పాత్రతో అబద్ధం ఆడవచ్చు, అది పాఠకుడితో ఆడినట్టు కాదు. లేదంటే ఆ అధ్యాయాన్ని ఆమె ఎప్పుడు చెబుతోందో మార్చండి, నిజం తెలియకముందు రాసిన డైరీ పేజీగానో ఆ రోజే ఇచ్చిన వాంగ్మూలంగానో చేయండి. దాచే కథకురాలి పేజీల్లో మౌనం రంగు ఎక్కువ, అబద్ధం రంగు తక్కువ ఉండాలి. ఆ నిష్పత్తి తిరగబడితే, రెండోసారి చదివే పాఠకుడికి క్లూల బదులు ఉత్త మోసమే దొరుకుతుంది.